దెబ్బకు పలికే తీగ

బేస్ గిటార్ నేర్చుకునే పిల్లలు మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: "అన్నా, స్లాప్‌కి ఏ స్ట్రింగ్స్ వెయ్యాలె?" రెండు నిమిషాల్లో చెప్పేసే జవాబు ఉంది దీనికి. రౌండ్‌వౌండ్ వేసుకో. మెరుపు కావాలంటే స్టీలు, వేళ్లకి కాస్త సుఖం కావాలంటే నికెల్. మరీ లావువి వద్దు. పాతబడితే మార్చు, డబ్బుల్లేకపోతే నీళ్లలో ఉడకబెట్టు. ఇందులో అబద్ధమేం లేదు గానీ చెప్పకుండా వదిలేసిందే ఎక్కువ. తీగని మీటకుండా, కమానుతో రాయకుండా, కొట్టి పలికించాలన్న ఆలోచన ఎక్కడిది? కొడితే పలికే తీగ ఎలా ఉండాలో మనుషులు ఎలా కనుక్కున్నారు? ఆ తీగలు ఎవరు పేనారు, ఎవరు కొట్టారు? వీటి వెంట పడి పోతే న్యూ ఆర్లియన్స్, లండన్ అన్నీ తిరిగి చివరికి నేనుండే షాలిబండకే వచ్చి పడ్డాను. పాతబస్తీలో దెబ్బకు పలికే తీగ గిటార్‌కన్నా చాలా ముందే ఉంది. దాన్ని ఎవరూ వాద్యం అనలేదు, అంతే.

ముందు స్లాప్ సంగతి. బొటనవేలి కణుపు ఎముకతో లావు తీగని ఫ్రెట్‌బోర్డు చివర కొడతాం. తీగ వెళ్లి ఆఖరి ఫ్రెట్లకి తగిలి వెనక్కొస్తుంది. ఇది థంప్. చూపుడువేలిని సన్న తీగ కిందకి పోనిచ్చి పైకి లాగి వదిలితే అది ఠప్పున ఫ్రెట్ల మీద పడుతుంది. అది పాప్. వినేవాడికి డప్పు దెబ్బ, దాని లోపల ఒక స్వరం, రెండూ కలిసి వినిపిస్తాయి. ఒక్క తీగే రెండు ఉద్యోగాలు చేస్తోందన్నమాట. ఎందుకు చెయ్యాల్సి వచ్చిందంటే, చాలాసార్లు రెండో ఉద్యోగానికి మనిషి లేక.

న్యూ ఆర్లియన్స్‌లో 20వ శతాబ్దం మొదట్లో డబుల్ బేస్‌ని కమానుతో వాయించేవాళ్లు. బిల్ జాన్సన్ అనే ఆయన కమాను కచేరీ మధ్యలో విరిగిందని, గత్యంతరం లేక వేళ్లతో లాగీ కొట్టీ కచేరీ పూర్తి చేశాడని ఒక కథ చెప్తారు. ఇలాంటి కథలు ప్రతి వాద్యానికీ ఒకటి ఉంటాయి, నమ్మక్కర్లేదు. అయితే పాప్స్ ఫోస్టర్, వెల్‌మన్ బ్రాడ్ లాంటి వాళ్ల చేతుల్లో ఆ దెబ్బ ఒక పద్ధతిగా స్థిరపడ్డమాట మాత్రం నిజం. వాళ్ల బేస్ మీద ఉన్నవి లోహం తీగలు కావు, గొర్రె పేగుతో పేనినవి. మైకు లేని డాన్స్ హాల్లో నెమ్మదిగా మీటితే బేస్ ఎవరికీ వినపడదు. లాగి వదిలితే తీగ చెక్కని కొట్టే చప్పుడు ఆఖరి వరసదాకా పోతుంది. 1925 ప్రాంతంలో మైక్రోఫోన్‌తో రికార్డు చేసే పద్ధతి వచ్చాకగానీ ఆ చప్పుడు ప్లేటు మీదకి సరిగ్గా ఎక్కలేదు.

1954 జులైలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ తన మొదటి సింగిల్ పాడినప్పుడు ఆ గదిలో డ్రమ్మర్ లేడు. స్కాటీ మూర్ గిటార్, బిల్ బ్లాక్ డబుల్ బేస్, అంతే. ఆ పాటలో మనం డ్రమ్స్ అనుకునే టకటక బిల్ బ్లాక్ అరచేతిది. ఇక బేస్ గిటార్ మీద స్లాప్‌కి ఆద్యుడని అందరూ ఒప్పుకునే లారీ గ్రాహమ్ కథలోనూ డ్రమ్మర్ లేడు. కాలిఫోర్నియాలో వాళ్లమ్మ డెల్ గ్రాహమ్ పియానో వాయిస్తూ పాడేది. కొడుకు గిటార్ వాయిస్తూ కాళ్లతో ఆర్గన్ పెడల్స్ తొక్కి కింది స్వరాలు ఇచ్చేవాడు. ఆర్గన్ చెడిపోయింది. అది బాగయ్యేదాకా అని బేస్ గిటార్ అద్దెకి తెచ్చుకున్నాడు. తర్వాత అమ్మ డ్రమ్మర్‌ని కూడా వద్దనుకుంది. కిక్ డ్రమ్ లోటు బొటనవేలితో, స్నేర్ లోటు చూపుడువేలితో తీర్చుకున్నాడు కుర్రాడు. 1969 చివర్లో స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ వాళ్ల 'థ్యాంక్యూ' పాట వచ్చేసరికి ఆ లోటుని పూడ్చుకున్న పద్ధతే ఒక కొత్త భాషయింది.

ఈ భాష పలకాలంటే తీగ కూడా మారాలి. ఇక్కడే అసలు చరిత్రంతా ఉంది. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. ఆ కాలంలో బేస్ గిటార్ మీద ఎక్కువగా ఉండేవి ఫ్లాట్‌వౌండ్ తీగలు: లోపల ఉక్కు తీగ, దాని చుట్టూ రిబ్బన్‌లా చదునైన లోహం చుట్ట. చేతికి నున్నగా ఉంటాయి, ధ్వని గుండ్రంగా, మొద్దుగా ఉంటుంది. మోటౌన్‌లో జేమ్స్ జేమర్సన్ అలాంటి లావు తీగలే వేసుకుని, తెగిపోతే తప్ప మార్చేవాడు కాదట. ఆయన చూపుడువేలు ఒక్కదానితో మీటిన పాటలకి ఆ మొద్దుతనమే అందం. అదే తీగని బొటనవేలితో కొట్టి చూడండి, దిండు మీద గుద్దినట్టుంటుంది.

మార్పు ఇంగ్లండులో వచ్చింది. ది హూ బ్యాండ్‌లో బేస్ వాయించే జాన్ ఎంట్‌విసిల్‌కి పియానో కింది తీగల్లాంటి ఖంగుమనే ధ్వని కావాలి. 1965లో 'మై జెనరేషన్' పాటలో బేస్ సోలో కోసం డాన్‌ఎలెక్ట్రో అనే గిటార్ కొన్నాడు, దాని సన్న తీగల మెరుపు నచ్చి. తీగ తెగింది. ఆ తీగలు లండన్‌లో విడిగా దొరకవు. ఇంకో గిటార్ కొన్నాడు, మళ్లీ తెగింది, మళ్లీ కొన్నాడు. తీగల కోసం గిటార్లు కొన్నవాణ్ణి నాకు తెలిసి ఆయన్నొక్కణ్ణే విన్నాను. చివరికి విసుగొచ్చి మామూలు ఫెండర్‌తో రికార్డు చేశాడు. ఆ మరుసటి ఏడు, 1966లో, రోటోసౌండ్ కంపెనీ నడిపే జేమ్స్ హౌ దగ్గర కూర్చుని తనకి కావాల్సిన తీగ చేయించుకున్నాడు. ఉక్కు గుండె తీగ చుట్టూ గుండ్రటి తీగనే చుట్టడం. వేలు జారిస్తే గర్రుమంటుంది, ఫ్రెట్లని అరగదీస్తుంది, కానీ కొడితే గంటలా మోగుతుంది. అదే స్వింగ్ బేస్ 66. ఇవాళ మనం రౌండ్‌వౌండ్ అని కొనే ప్రతి బేస్ సెట్టుకీ అది పెద్దమ్మ వరస.

చుట్టడం అనే ఉపాయం మాత్రం చాలా పాతది. తీగ పొడవు, బిగువు, బరువు, ఈ మూడింటి లెక్కనీ ఫ్రెంచి పండితుడు మెర్సెన్ 1636లో అచ్చు వేశాడు. కింది స్వరం కావాలంటే తీగ పొడవుగానైనా ఉండాలి, వదులుగానైనా ఉండాలి, బరువుగానైనా ఉండాలి. పొడవు పెంచితే చెయ్యి అందదు, వదులు చేస్తే వాగుతుంది. మిగిలింది బరువు. పేగుని లావు చేస్తూ పోతే బరువు పెరుగుతుంది, కానీ కర్రలా బిర్రుగా తయారై మూగబోతుంది. 1660ల్లో ఇంగ్లండులో పేగు మీద, పట్టు మీద సన్న లోహపు తీగ చుట్టి అమ్మడం మొదలైంది. బరువు చుట్టది, వంగే గుణం లోపలి పేగుది. మన బేస్ మీద 34 అంగుళాల పొడవులో సెకనుకి 41 సార్లు ఊగే ఇ తీగ ఈ ఉపాయం వల్లనే సాధ్యమైంది.

ఇక ఎంత లావు అన్నది. మామూలు సెట్ 45, 65, 85, 105 అని ఉంటుంది, అంగుళంలో వెయ్యో వంతులు. నాలుగూ కలిపి మెడని దాదాపు 70-80 కిలోల బరువుతో లాగుతుంటాయి. మార్క్ కింగ్ 30 నుంచి 90 దాకా ఉండే దారప్పోగుల్లాంటి సెట్ వేసుకుని మిషన్ గన్నులా వాయిస్తాడు. మార్కస్ మిల్లర్ 45 నుంచి 105 స్టీలు తీగలు వేసుకుని లావుగా, తీరిగ్గా వాయిస్తాడు. ఇద్దరూ స్లాప్‌లో దేవుళ్లే కాబట్టి నంబర్ చూసి మతం పుచ్చుకోనక్కర్లేదు. సన్న తీగ తొందరగా వెనక్కొస్తుందని షాపుల్లో చెప్తారు, అది సగమే నిజం. ఏ లావు తీగైనా ఇ స్వరానికి బిగిస్తే సెకనుకి 41 సార్లే ఊగుతుంది. మారేది బిగువు. 45 తీగ తీసి 40 వేస్తే అదే స్వరానికి బిగువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. అందుకని వేలికి లొంగుతుంది, తక్కువ దెబ్బకే వెళ్లి ఫ్రెట్‌ని తాకుతుంది. బొటనవేలు ఇంకా గట్టిపడని వాళ్లకి 40 నుంచి 95-100 దాకా ఉన్న నికెల్ సెట్ మంచిదంటాను. స్టీలు ఎక్కువ మెరుస్తుంది, చెమటకి తట్టుకుంటుంది, ఫ్రెట్లని తొందరగా తింటుంది. మన ఊళ్లో మే నెలలో మూడు గంటలు ప్రాక్టీసు చేస్తే ఏ తీగకైనా ఉప్పు పడుతుంది. చుట్ల సందుల్లో చెమటా మట్టీ చేరితే మెరుపు చచ్చిపోతుంది. ఉడకబెడితే ఆ జిడ్డు వదిలి కొన్నాళ్లు ప్రాణం లేచి వస్తుంది, మళ్లీ తుడిచి ఆరబెట్టాలి. రెండు మూడుసార్లకి మించి పనిచెయ్యదు.

అయితే లోహానికి ముందు ఉన్న పేగు దగ్గరికి మళ్లీ రావాలి. ఎందుకంటే పాతబస్తీ కథ అక్కడుంది.

పేగు తీగని ఉర్దూలో తాంత్ అంటారు. తెలుగులో వాడుక మాట నరం. మేక, గొర్రె పేగుల్ని కడిగి, గీకి, మెలిపెట్టి, బిగించి ఆరబెడితే వచ్చేది. సారంగి మీద కమాను పారే మూడు ముఖ్యమైన తీగలూ ఇవే. నిజాముల కాలపు మెహ్ఫిళ్ల గురించి ఎన్ని పుస్తకాలు తిరగేసినా అత్తరు, గజ్జెలు, షాయరీ కనిపిస్తాయి గానీ ఆ పేగు కడిగిన చేతులు కనిపించవు. మృదంగం తోలు వెనకున్న దళిత కుటుంబాల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాసేదాకా కర్ణాటక సంగీతానికీ ఆ ప్రశ్న తట్టలేదు కదా. మన తాంత్ మీద అలాంటి పుస్తకం ఇంకా రావాల్సి ఉంది.

ఆషాఢంలో బోనాలప్పుడు లాల్‌దర్వాజా వైపు డప్పులు, బ్యాండ్లు, డీజేలు అన్నీ కలిసి చెవులు పగిలిపోతుంటాయి. ఆ హోరులో వినపడని ఒక వాద్యం ఉంది తెలంగాణలో, జమిడిక. బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు వాయిస్తారు. చిన్న బిందె లాంటి గుండ్రటి డొల్ల, ఒక పక్క తోలు మూత, ఆ తోలు నడిమధ్య నుంచి బయల్దేరే ఒక్కటే నరం. ఒక చేత్తో ఆ నరాన్ని బిగబట్టి ఇంకో చేత్తో మీటుతారు. బిగువు పెంచితే స్వరం పైకి జారుతుంది, వదిలితే కిందికి. తోలూ తీగా ఒకే వాద్యంలో, డప్పూ స్వరమూ ఒకే దెబ్బలో. గ్రాహమ్ రెండు వేళ్లతో చేసిన పని దీని నిర్మాణంలోనే ఉంది. ఉత్తరాంధ్రలో దీన్నే జముకు అంటారు, దానితో చెప్పేది జముకుల కథ. ఫ్రెట్ లేని బేస్ మీద వేలు జార్చినప్పుడు వచ్చే మూలుగు మొదటిసారి విన్నప్పుడు మనవాళ్లకి కొత్తగా అనిపించకపోవడానికి ఇదే కారణమేమో అని నా అనుమానం. ఇళయరాజా పాటల్లో బేస్ అంత తేలిగ్గా మన చెవికెక్కడం వెనకా ఇలాంటిదేదో ఉండొచ్చు. రుజువు చెయ్యలేను గానీ నమ్ముతాను.

నేను వెతుకుతున్న తీగ మాత్రం జమిడికది కూడా కాదు. చిన్నప్పుడు చలికాలం మొదలవుతుందనగా మా గల్లీలోకి ఒకాయన వచ్చేవాడు. భుజం మీద మనిషంత విల్లు. అరవక్కర్లేదు. నడుస్తూ నడుస్తూ ఆ వింటినారిని ఒక దెబ్బ వేసేవాడు. ధుమ్మ్ అని గల్లీ చివరిదాకా పోయేది. ఆడవాళ్లు పాత రజాయిలు, బొంతలు తెచ్చి పడేసేవాళ్లు. దూదేకే ఆయన.

ఆ పనిముట్టు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూస్తే స్లాప్ వాయించేవాడికి ఒళ్లు జలదరిస్తుంది. పొడవాటి కర్ర విల్లు, దానికి బిగించిన తాంత్. తీగని దూది కుప్పలో ఉంచుతారు. చేతిలో డంబెల్ ఆకారంలో ఒక చెక్క. దాని గుండుతో తీగని తట్టడమే కాదు, గుండు అంచుకి తీగని తగిలించి లాగుతారు, అది జారి వదిలేసుకుంటుంది. తీగ ఎగిరి వణుకుతుంది, ఆ వణుకుకి ఉండలు కట్టిన దూది విడిపోయి, మట్టి రాలిపోయి, పోగులు గాల్లోకి లేస్తాయి. దెబ్బ, లాగి వదలడం, రెండూ ఒకే కదలికలో. థంప్, పాప్. దీనికి లావుపాటి బిర్రు తీగ పనికిరాదు, వణకదు. మరీ వదులుది దూదిలో చిక్కుకుంటుంది. గరుకుది పోగుల్ని పట్టేసుకుంటుంది. నున్నగా, బలంగా, సాగి మళ్లీ తన చోటికొచ్చేదిగా ఉండాలి. పైన స్లాప్‌కి చెప్పిన లెక్క మళ్లీ చదువుకోండి, పెద్ద తేడా ఉండదు. ఒక్క గరుకుదనం దగ్గరే దారులు విడిపోయాయి. ఎంట్‌విసిల్‌కి గరగర కావాలి, దూదేకులాయనకి అదే వద్దు.

వింటి తీగ చప్పుడికి మన భాషలో గొప్ప మాట ఉంది, టంకారం. యుద్ధంలో అర్జునుడు వింటినారి లాగి వదిలితే పద్యాలకు పద్యాలు. అదే నారిని దూది మీద లాగి వదిలినవాడికి ఏ మాట మిగిలిందో చూద్దాం.

దూదేకే విల్లుకి సంస్కృత నిఘంటువులు ఇచ్చే పేరు పింజనం. ఏకితే తేలిన దూది మనకి దూదిపింజ. మబ్బుని దూదిపింజతో పోల్చని భావకవి లేడు. ఆ విల్లు పట్టుకున్నవాడు పింజారి. ఆ మాట సినిమాలో ఎవరి నోట వచ్చిందో, ఎందుకొచ్చిందో మీకు తెలుసు. పనికిమాలినవాడు, నీచుడు అనడానికి తెలుగులో దొరికే అతి చవక తిట్టు. మబ్బుకేమో పింజ, మనిషికేమో పింజారీ! అదే మాట ప్రభుత్వం వెనకబడిన తరగతుల జాబితాలో, బి గ్రూపు కింద, దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ అని వరసగా ఉంటుంది. అంటే కొందరు పిల్లలు బడిలో కుల ధ్రువీకరణ పత్రం మీద చూసే మాటనే సాయంత్రం టీవీలో తిట్టుగా వింటారు. లద్దాఫ్ అన్నది అరబిక్ నద్దాఫ్ నుంచి వచ్చింది, దానికీ దూదేకేవాడనే అర్థం.

ఈ కుటుంబాల్లో చాలామందిది తెలుగు ఇల్లు, ఇస్లాం మతం. అందుకని రెండు వైపులా చిన్నచూపే. ఉర్దూ మాట్లాడే ముసల్మానుకి వీళ్లు పూర్తి ముసల్మాన్లు కారు, తెలుగు హిందువుకి వీళ్లు పూర్తి తెలుగువాళ్లు కారు. 1909లో థర్స్‌టన్ దక్షిణాది కులాల గురించి వేసిన సంపుటాల్లో దూదేకుల మీద ఒక అధ్యాయమే ఉంది. వీళ్ల పేర్లలో, పెళ్లిళ్లలో, ఆచారాల్లో రెండు మతాలూ కలిసిపోయిన తీరు ఆ తెల్లదొరకి వింతగా కనిపించింది. వింతేం లేదు. ఆ కలయిక నుంచి మనకొక పెద్ద పేరే వచ్చింది, దూదేకుల సిద్దయ్య. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుల్లో అందరికన్నా దగ్గరివాడు. తత్త్వాలు వినే ఇళ్లలో సిద్దయ్య పేరు చెప్తే చేతులు జోడిస్తారు. ఆ పేరుకి ముందున్న మాట ఏ పనిని సూచిస్తుందో చాలామంది ఆగి ఆలోచించరు.

ఇంకాస్త దూరం పోతే బాగ్దాదు. 922లో అక్కడ ఉరికంబమెక్కించిన సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్ పేరులో హల్లాజ్ అంటే దూదేకేవాడు. నేనే సత్యం అన్నాడని చంపారు. ఉత్తరాదిలో దూదేకే కుటుంబాలు చాలా ఆయన పేరు మీదే మన్సూరీలమని చెప్పుకుంటాయి. పాతబస్తీ దర్గాల్లో ఖవ్వాలీ వింటూ మన్సూర్ పేరు వచ్చినప్పుడు తల ఊపే పెద్దమనుషులు చాలామందిని చూశాను. బయటికొచ్చాక అదే వృత్తి పేరుతో ఆటోవాణ్ణి తిట్టినవాళ్లనీ చూశాను.

ఈ విల్లు మన దేశానికి ఎప్పుడొచ్చిందన్న దానిమీద చరిత్రకారులకి ఒక మంచి తగాదా ఉంది. తుర్కుల రాకతో వచ్చిన సాంకేతిక మార్పుల్లో ఇదొకటని ఇర్ఫాన్ హబీబ్ వాదించారు. కాదు, అంతకుముందు నుంచే ఉందని, దక్షిణాది నేతపనుల మీద పనిచేసిన విజయా రామస్వామి పాత ఆధారాలు చూపించారు. నాకైతే రెండోదే సబబుగా తోస్తుంది, పింజనం అనే మాట వల్ల. ఏదేమైనా 1591లో కులీ కుతుబ్ షా ఈ నగరం కట్టేనాటికి, మచిలీపట్నం రేవు నుంచి గోల్కొండ రాజ్యపు బట్టలు పర్షియాకీ తూర్పు దీవులకీ పోతుండేనాటికి, ఆ నూలంతా ముందు దూదిగా ఎవరో ఒకరి చేతి కింద విడిపోయి ఉండాలి. నేతగాడి పేరు చరిత్రలో అక్కడక్కడా ఉంది, అద్దకం వేసినవాడిదీ ఉంది. దూదేకినవాడిది వెతకాలి.

భాషలో మాత్రం వెతక్కుండానే దొరుకుతాడు. ఏకిన దూదిని చుడితే వచ్చేది ఏకు. ఏకు మేకైంది అంటాం. పుస్తకాన్ని సమీక్షకుడు ఏకిపారేశాడు అంటాం. పేజీలు తిరగేసి నాలుగు మాటలు రాసినవాడు ఏకినట్టు కాదని ఆ పని చూసినవాళ్లకి తెలుస్తుంది. అది మెత్తబరిచే పని, చించే పని కాదు. సబర్మతి ఆశ్రమంలో రాట్నం మొదలుపెట్టినప్పుడు ఏకులు చేసిపెట్టే మనిషి కోసం వెతికిన సంగతి గాంధీ ఆత్మకథలో ఉంది. దొరికినాయన నెలకి 35 రూపాయలు అడిగాడట, ఎంతైనా ఇస్తాననుకున్నాడట గాంధీ. రాట్నం జెండా మీదకెక్కింది. విల్లు ఎక్కలేదు.

ఇప్పుడు పాతబస్తీలో పరుపుల దుకాణాలున్నాయి గానీ విల్లు కనిపించడం అరుదు. కరెంటు మిషన్ పెద్ద రొదతో పది నిమిషాల్లో ఒక రజాయి దూది ఊదేస్తుంది. ఫోమ్ పరుపులొచ్చాక ఆ మిషన్‌కీ పని తగ్గింది. మిషన్ మీద నాకు కోపమేం లేదు. రోజంతా దూది ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లని చూసినవాడెవడూ చేతిపని పోయిందని కవిత్వం రాయడు. విల్లు పోతే పోయింది. తిట్టు ఇంకా ఎందుకుందన్నదే నా గొడవ.

మా వైపు ఒక పరుపుల దుకాణంలో కూర్చునే పెద్దాయన కుర్రతనంలో చేత్తో ఏకేవాడు. తెలుగాయనే. బేస్ తీగల సెట్ ఒకటి చేతిలో ఉండగా ఒకసారి అటు వెళ్లి, తాంత్ ఎట్ల ఎంచుకునేటోళ్లు బాబాయ్ అని అడిగాను. నా ఇ తీగని తీసుకుని బొటనవేలు చూపుడువేలు మధ్య పొడుగునా జార్చి చూశాడు. "ఇది దూదికి పనికిరాదు బిడ్డా, పట్టుకుంటది" అన్నాడు. నరమైతే మెలి సమానంగా ఉండాలని, ఎక్కడా కండ లావెక్కకూడదని, వానాకాలం తేమకి ఒదులైపోతుందని, అందుకే ఆ పని ఎండ చూసుకుని చేసేవాళ్లమని చెప్పాడు. విల్లు అమ్మేశారా అంటే జవాబు చెప్పలేదు. దూది అయిపోయిందని ఎట్ల తెలుస్తది, చూసా అన్నాను.

"చూసుడు కాదు, ఇనుడు. దూది ముద్దగ ఉన్నంతసేపు తీగ మూలుగుతది. ఇడిపోయినంక ఖంగుమంటది. అప్పుడు ఆపాలె. ఇంక కొడితే పోగు తెగుతది."